పన్నెండు గంపలు, మూడు బుట్టలు: చెత్త గురించి పిల్లలకు ఆటపాటలతో ఎలా నేర్పాలి?



వేసవి సెలవులు వస్తున్నాయంటే మన సంఘాల్లో వి.బి.ఎస్. సందడి మొదలవుతుంది. పాటలు, అభినయాలు, కంఠత వాక్యాలు, రంగు కాగితాలు, చివరి రోజున బహుమతులు. ఈ యేడు వీటి మధ్య ఒక చిన్న పాఠానికి చోటివ్వమని సండే స్కూలు టీచర్లనూ తల్లిదండ్రులనూ సంఘ పెద్దలనూ కోరుతున్నాను. ఆ పాఠం చెత్త గురించి. మనం రోజూ పారవేసేది ఏమిటి, అది ఎక్కడికి పోతుంది, అందులో ఏది మళ్లీ వస్తువుగా మారుతుంది, ఏది మారదు అన్నది అయిదేళ్ల పిల్లవాడికి కూడా ఆటగా నేర్పవచ్చు.

"ఇది స్కూల్లో చెప్పే పాఠం గదా, సంఘంలో ఎందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన పిల్లలకు బాగా తెలిసిన కథలోనే ఉంది. అయిదు రొట్టెలు, రెండు చేపలు, అయిదు వేలమంది పురుషులు. తరగతిలో ఈ కథ సాధారణంగా అందరూ తిని తృప్తి పొందడంతో ముగుస్తుంది. యోహాను సువార్త 6వ అధ్యాయం అక్కడ ఆగలేదు. ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలను పోగుచేయమని ప్రభువే శిష్యులకు చెప్పాడు. పన్నెండు గంపలు నిండాయి. అయిదు రొట్టెలతో వేలమందిని పోషించగలవానికి పొదుపు చేయవలసిన అవసరం లేదు. అయినా ముక్కలను నేలమీద వదిలివేయనివ్వలేదు. సమృద్ధి ఉన్నంత మాత్రాన పారవేసే హక్కు రాదన్నమాట. కథలో సగం చెప్పి వదిలేస్తున్న ఆ గంపలను ఈసారి పిల్లల ముందు పెడదాం.

మన ఊరి సంగతి

నర్సీపట్నం మన్యానికి గడప వంటిది. చింతపల్లి, లంబసింగి వెళ్లే బస్సులూ కార్లూ మన ఊరి మీదుగానే పోతాయి. చలికాలంలో మంచు చూడడానికి జనం బండ్లు కట్టుకుని వస్తారు. వారు తిన్న చిప్సు ప్యాకెట్లు, తాగిన నీళ్ల సీసాలు దారి పొడవునా మిగులుతాయి. వచ్చినవారిని మాత్రమే అనుకుంటే సరిపోదు. మన వీధి కాలువల్లో అడ్డుపడేది మన పాల ప్యాకెట్లూ, మన షాంపూ సాచెట్లే. వాన పడితే కాలువలోనిది గెడ్డలోకి, గెడ్డలోనిది నదిలోకి పోతుంది. మనవైపు కొండల్లో పుట్టిన వరాహ నది ఏటికొప్పాక మీదుగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. మన వీధిలో పడేసిన కవరు సముద్రం చూడగలదు. ఈ ఒక్క మాటను బోర్డు మీద బొమ్మగా గీసి చూపితే చాలు, పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇక కాల్చడం. తెల్లవారగానే వాకిలి ఊడ్చి, ఆకులతో పాటు ప్లాస్టిక్ కవర్లు కూడా కుప్పచేసి నిప్పంటించడం మన వీధుల్లో మామూలైపోయింది. కొన్ని సంఘాల ఆవరణల్లో ప్రేమ విందు మర్నాడు కూడా ఇదే జరుగుతుంది. ప్లాస్టిక్ కాలినప్పుడు వచ్చే పొగలో డయాక్సిన్ల వంటి విష పదార్థాలు ఉంటాయి. ముఖ్యంగా పి.వి.సి. రకం కాలితే ఆ ప్రమాదం ఎక్కువ. నేలకు దగ్గరగా, వేగంగా ఊపిరి తీసే చిన్నపిల్లలకే ఆ పొగ ముందుగా హాని చేస్తుంది. దగ్గుతో బాధపడే బిడ్డ కోసం ప్రార్థన చేయించుకుంటూ, వాకిట్లో కవర్లు కాల్చడం రెండూ ఒకే ఇంట్లో జరగకూడదు.

బుట్ట మోసే చేయి ఎవరిది?

ఈ పాఠానికి సంఘంలో ప్రత్యేకమైన బరువు ఉంది. దాన్ని దాటవేసి ఆటల్లోకి వెళ్లడం మంచిది కాదు.

మన దేశంలో చెత్త ఎత్తే పని తరతరాలుగా కొన్ని కులాలవారి నెత్తిన మోపబడింది. ఆ కుటుంబాలలో అనేకులు మన సంఘాల్లో సభ్యులు. మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పని చేసే తండ్రి, తెల్లవారుజామున వీధులు ఊడ్చే తల్లి ఆదివారం మన పక్కనే కూర్చుని ఆరాధిస్తారు. వారి పిల్లలు మన సండే స్కూల్లో ఉన్నారు. టీచరు "చెత్త" అన్నమాట ఎత్తగానే ఆ బిడ్డ తల దించుకుంటుందా, తల ఎత్తుతుందా అన్నది మన చేతుల్లో ఉంది.

మన భాషలో "చెత్త" తిట్టుగా మారిపోయింది. "చెత్త వెధవ", "చెత్త పని" అని అనాయాసంగా అంటాం. వీధిలోకి బండి వస్తే "చెత్తవాడు వచ్చాడు" అని కేకవేస్తాం. ఆ మనిషి చెత్త చేసినవాడు కాడు, మనం చేసిన చెత్తను తీసేవాడు. పిల్లలకు మొదటి ఆదివారం నేర్పవలసింది బుట్టల రంగుల కంటే ముందు ఈ మాటే. బండి తెచ్చే అన్నను, వీధి ఊడ్చే అక్కను పేరు అడిగి తెలుసుకుని, పేరుతో, గౌరవంగా పిలవడం నేర్పండి. వీలైతే సంఘంలోని పారిశుద్ధ్య కార్మికులలో ఇష్టపడినవారిని తరగతికి టీచరుగా ఆహ్వానించండి. ఏ వీధిలో ఏం వస్తుంది, దేనివల్ల చేయి కోసుకుంటుంది, ఏది అమ్ముడవుతుంది అనేది వారికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. ఎవరినీ బలవంతపెట్టవద్దు. వచ్చినవారిని కుర్చీలో కూర్చోబెట్టి, "సార్", "టీచరుగారు" అని పిలిపించండి.

చెత్తను వేరుచేయడం శుభ్రతకు సంబంధించిన పద్ధతి మాత్రమే కాదు. అన్నం మెతుకుల మధ్య పగిలిన గాజుముక్క, వాడిన బ్లేడు, సూది కలిపి పడేస్తే, అవతల ఒకరి చేయి తెగుతుంది. గాజుముక్కను మందపాటి కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడం పొరుగువాని ప్రేమించడంలో ఒక భాగం. ఈ సంగతిని ఈ విధంగా చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

టీచరు ముందుగా తెలుసుకోవలసినవి

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ప్రతి ఇంటివారినీ చెత్తను మూడు రకాలుగా వేరుచేసి ఇవ్వమన్నాయి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో పట్టణాల ఇళ్లకు ఇచ్చిన మూడు రంగుల బుట్టలు ఇందుకే. ఆకుపచ్చ బుట్ట తడి చెత్తకు: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పువ్వులు, టీ పొడి. నీలం బుట్ట పొడి చెత్తకు: కాగితం, అట్ట, సీసాలు, డబ్బాలు, శుభ్రమైన కవర్లు. ఎర్ర బుట్ట హాని చేసేవాటికి: బ్యాటరీలు, బల్బులు, కాలం తీరిన మందులు, పురుగుమందు డబ్బాలు. ఆ బుట్టలు చాలా ఇళ్లలో ఇప్పుడు బియ్యానికో నీళ్లకో వాడుకలో ఉన్నాయన్నది మనకు తెలిసిందే. వాటిని మళ్లీ అసలు పనికి తెచ్చే శక్తి పిల్లలకు ఉంది.

రీసైక్లింగ్ అంటే పాత వస్తువును కరిగించి, నానబెట్టి, లేదా ముక్కలు చేసి, దాని పదార్థంతో కొత్త వస్తువు చేయడం. అన్ని వస్తువులూ ఒకేలా మారవు. ఇనుము, అల్యూమినియం, గాజు మళ్లీ మళ్లీ కరిగి అదే నాణ్యతతో తిరిగి వస్తాయి. ఖనిజం నుంచి కొత్తగా అల్యూమినియం తీయడానికి కావలసిన విద్యుత్తులో, పాతదాన్ని కరిగిస్తే సుమారు 95 శాతం ఆదా అవుతుంది. కాగితం కొన్నిసార్లే మారుతుంది, ప్రతిసారీ దాని నార పొట్టిదవుతుంది. నీళ్ల సీసాల ప్లాస్టిక్కును ముక్కలు చేసి, దారం తీసి, బట్టలు నేస్తారు. 2015 క్రికెట్ ప్రపంచ కప్పులో మన జట్టు వేసుకున్న దుస్తులు పాత సీసాల నుంచి తీసిన దారంతో చేసినవేనని, ఒక్కో జతకు సగటున 33 సీసాలు పట్టాయని తయారీదారు నైకీ సంస్థ అప్పట్లో ప్రకటించింది. మగపిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆడపిల్లలకే కాదు, అందరికీ నచ్చే మరొక ఉదాహరణ మన పి.వి. సింధు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఆమె గెలిచిన కాంస్య పతకం పాత ఫోన్ల నుంచి, పాత ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి తీసిన లోహంతో చేసినది. ఆ క్రీడల పతకాలన్నీ అలా చేసినవే. జపాన్ ప్రజలు రెండేళ్లపాటు తమ ఇళ్లలోని పాత ఫోన్లు తెచ్చి ఇచ్చారు. ఈ సంగతి చెప్పాక నిర్గమకాండము 38వ అధ్యాయం తెరవండి. ప్రత్యక్షపు గుడారానికి కావలసిన ఇత్తడి గంగాళం దేనితో చేశారు? సేవచేసే స్త్రీలు ఇచ్చిన అద్దాలతో. ఆ రోజుల్లో అద్దాలు మెరుగుపెట్టిన లోహపు పలకలు. ముఖం చూసుకున్న లోహమే యాజకులు కాళ్లు చేతులు కడుగుకొనే పాత్ర అయింది. లోహం కరిగి కొత్త పనికి రావడం మన గ్రంథానికి కొత్త కాదు.

అయితే మారనివి కూడా ఉన్నాయని పిల్లలకు నిజం చెప్పాలి. చిప్సు, బిస్కెట్ల ప్యాకెట్లలో చాలావాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అంటుకుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం గనుక పాతసామాన్ల కొట్టువాడు వాటిని కొనడు. కాగితం టీ కప్పు చూడడానికి కాగితమే, కాని తడవకుండా లోపల సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది. నూనె అంటిన అట్ట, కూర అంటిన కవరు కూడా పనికిరావు. "అన్నీ రీసైకిల్ అవుతాయి" అని నేర్పితే, "అయితే ఎంతైనా వాడవచ్చు" అని పిల్లలు అనుకుంటారు. అందుకే వరుస ముఖ్యం: మొదట తక్కువ వాడడం, తర్వాత ఉన్నదాన్నే మళ్లీ వాడడం, అదీ కుదరకపోతే రీసైక్లింగుకు ఇవ్వడం.

తరగతిలో చేయదగిన ఆటలు

మొదటిది, మూడు బుట్టల పరుగు. నాలుగు నుంచి ఏడేళ్ల వారికి. మూడు గంపలకు ఆకుపచ్చ, నీలం, ఎర్ర గుడ్డలు కట్టండి. కడిగి ఆరబెట్టిన వస్తువులు ఒక ముప్పై నేలమీద పరచండి: అరటి తొక్క, పాత నోటుపుస్తకం, పాల ప్యాకెట్, కొబ్బరి పీచు, మూత, పాత చార్జరు. పిల్లలను రెండు వరుసలుగా నిలబెట్టండి. ఈల వేయగానే ఒక్కొక్కరూ ఒక వస్తువు తీసుకుని సరైన గంపలో వేసి రావాలి. గెలుపు వేగానికి కాదు, సరిగ్గా వేసినందుకు. ఆఖరున గంపలు తిరగేసి, తప్పుగా పడినదాన్ని చూపి, "ఇది ఇక్కడ ఎందుకు ఉండకూడదు?" అని అడగండి. జవాబు పిల్లలే చెప్పాలి. ఎర్ర గంపకు అసలు వస్తువులు వద్దు, బొమ్మలు గీసిన చీటీలు చాలు.

రెండవది, మట్టికుండ రహస్యం. ఒక పెద్ద పూలకుండీలో మట్టి నింపి, నాలుగు మూలలా నాలుగు వస్తువులు పాతిపెట్టండి: అరటి తొక్క, అడ్డాకు విస్తరి ముక్క, వార్తాపత్రిక ముక్క, బిస్కెట్ ప్యాకెట్ ముక్క. ఒక్కొక్క చోట పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. వారానికి రెండుసార్లు నీళ్లు చల్లండి. నాలుగు ఆదివారాలు గడిచాక తవ్వండి. తొక్క దాదాపు మట్టిలో కలిసిపోయి ఉంటుంది, కాగితం మెత్తబడి చిరుగుతుంది, ఆకు నల్లబడి శిథిలమవుతూ ఉంటుంది. బిస్కెట్ ప్యాకెట్ కడిగితే అక్షరాలు కూడా చదవవచ్చు. గంట ప్రసంగం చేయలేని పని ఆ ప్యాకెట్ ముక్క చేస్తుంది. మన్యంలో గిరిజన తల్లులు అడవి నుంచి తెచ్చి పుల్లలతో కుట్టే అడ్డాకు విస్తరి గురించి చెప్పడానికి కూడా అదే సమయం. మన పక్క కొండల్లో ఉన్న ఆకును వదిలి, ప్లాస్టిక్ పళ్లెం కొనుక్కుంటున్నామన్న సంగతి పిల్లలే గ్రహిస్తారు.

మూడవది, పాతసామాన్ల కొట్టు ఆట. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వారికి. ఒక బల్ల, ఒక తక్కెడ, కాగితంతో చేసిన నోట్లు. ఇద్దరు పిల్లలు కొట్టు యజమానులు, మిగిలినవారు అమ్మేవారు. వార్తాపత్రికలు, అట్టలు, ఇనుము, సీసాలు వేరువేరుగా తూచి, ధర కట్టి, లెక్క వ్రాయాలి. ధరలు మన ఊరి కొట్టులో ఆ వారం అడిగి తెలుసుకోండి. కలిపి తెచ్చినదానికి ధర లేదు, వేరుచేసి తెచ్చినదానికి ధర ఉంది అనే నియమం పెట్టండి. "వేరుచేస్తే వస్తువు, కలిపితే చెత్త" అన్న సంగతి లెక్కల పాఠంగా తలకెక్కుతుంది. తర్వాత నెలరోజులు నిజంగానే ఇళ్లనుంచి పాత కాగితాలు పోగుచేసి అమ్మి, ఆ సొమ్మును దేనికి వాడాలో పిల్లలనే నిర్ణయించనివ్వండి.

నాలుగవది, కాగితం చేయడం. పాత వార్తాపత్రికలు చిన్నముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు నీళ్లు పోసి మిక్సీలో మెత్తగా తిప్పాలి (ఇది పెద్దలు చేయాలి). ఆ గుజ్జును వెడల్పాటి టబ్బులో నీళ్లలో కలపాలి. పాత ఫోటో ఫ్రేముకు దోమతెర గుడ్డ బిగించి, ఆ నీళ్లలో ముంచి, సమంగా పైకి ఎత్తితే పలచని పొర నిలుస్తుంది. దానిని నూలుగుడ్డ మీద బోర్లించి, స్పాంజితో నొక్కి నీరు తీసి, ఎండలో ఆరబెట్టాలి. గుజ్జులో బంతి విత్తనాలో తోటకూర విత్తనాలో చల్లితే, ఆ కాగితాన్ని తర్వాత మట్టిలో పెట్టి మొలకెత్తించవచ్చు. క్రిస్మస్ కార్డులు ఈ కాగితంతో చేయించండి.

అయిదవది, అమ్మమ్మ పెట్టె. ఇంట్లో పెద్దలను మూడు ప్రశ్నలు అడిగి రమ్మనండి. మీ చిన్నప్పుడు కొట్టునుంచి పప్పు దేనిలో తెచ్చేవారు? పాత చీర ఏమయ్యేది? ఏడాది చివర నోటుపుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు ఏం చేసేవారు? జవాబులు వింటుంటే తరగతి నిండిపోతుంది. గుడ్డసంచి, కాగితం పొట్లం, పాత చీరల బొంత, మిగిలిన కాగితాలు కుట్టిన రఫ్ పుస్తకం, పాత ఇనుముకు పీచుమిఠాయి, పాత బట్టలకు స్టీలు గిన్నె. రీసైక్లింగ్ అనే మాట మన పెద్దలకు తెలియదు, ఆ పని వారికి బాగా తెలుసు. ఒక పాత బొంత తెచ్చి, అందులో ఎన్ని చీరల ముక్కలు ఉన్నాయో లెక్కపెట్టించండి. అపొస్తలుల కార్యములలోని దొర్కా కథ చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ దొరకదు.

ఆరవది, పారవేసినవాటితో ఆటవస్తువులు. ఐ.ఐ.టి. కాన్పూరులో ఇంజినీరింగ్ చదివిన అరవింద్ గుప్తాగారు 1970ల చివర నుంచి అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులు, పాత సీసాలు, వార్తాపత్రికలతో పిల్లలకు సైన్సు బొమ్మలు చేయడం నేర్పుతూ వచ్చారు. 2018లో పద్మశ్రీ పొందారు. ఆయన చేసే బొమ్మలు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి, టీచర్లు చూసి నేర్చుకోవచ్చు. తేలికైనది ఒకటి: సీసా మూతకు నడుమ టీచరు చిన్న రంధ్రం చేసి, పొట్టి వెదురుపుల్ల బిగిస్తే బొంగరం తయారు. ఈ సందర్భంలోనే మన పక్కనున్న ఏటికొప్పాకను గుర్తుచేయండి. అంకుడు కర్రమీద లక్క, సహజ రంగులు పూసి చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఆటవస్తువుకు ప్లాస్టిక్ తప్పనిసరి కాదని చెప్పడానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది.

కొన్ని హెచ్చరికలు

పిల్లలను ఎన్నడూ చెత్తకుప్ప దగ్గరకు ఏరడానికి పంపవద్దు. తరగతిలో వాడేవన్నీ ఇళ్లనుంచి కడిగి తెచ్చినవై ఉండాలి. గాజు, బ్లేడు, సూది, మందులు, డైపర్లు పిల్లల చేతికి ఇవ్వకూడదు. గడియారాల్లో, బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం, వాటిని తరగతికి తేనేవద్దు. ఆట ముగిశాక సబ్బుతో చేతులు కడుగుకోవడం పాఠంలో భాగం.

మరొక ఉచ్చు ఉంది. "వ్యర్థంతో అర్థం" అని పోటీ పెడతాం. పోటీకోసం తల్లిదండ్రులు కొత్త థర్మకోల్, కొత్త చమ్కీ, కొత్త ప్లాస్టిక్ గ్లాసులు కొనుక్కొస్తారు. బహుమతి ఇచ్చిన వారం తర్వాత అదంతా చెత్తబుట్టలోకి పోతుంది. పైగా జిగురు, రంగు, చమ్కీ పూసిన సీసాను ఇక కొట్టువాడు కూడా తీసుకోడు. అలాంటి పోటీ చెత్తను తగ్గించలేదు, పెంచింది. అందుచేత నియమం ఒకటి పెట్టండి: ఈ పోటీకి ఒక్క రూపాయి వస్తువు కూడా కొనకూడదు, చేసిన వస్తువు కనీసం మూడు నెలలు ఇంట్లో వాడుకలో ఉండాలి.

పిల్లలు చూస్తున్నారు

అన్నిటికంటే కష్టమైన మాట ఇది. సండే స్కూలు గదిలో మూడు బుట్టలు పెట్టి, అదే ఉదయం ఆరాధన ముగిశాక బయట పెద్దలు పేపరు కప్పులు గోడవారగా విసిరితే, పిల్లలు ఏ పాఠం నేర్చుకుంటారు? వారు మన మాట వినడానికి ముందు మన చేతులు చూస్తారు.

లెక్క వేయండి. ఆదివారం 120 మందికి టీ ఇచ్చే సంఘం, కప్పు ఒక్కసారి వాడి పారేస్తే, ఏడాదికి 52 ఆదివారాలకు 6,240 కప్పులు. ప్రభువు బల్లకు నెలకొకసారి 100 మందికి చిన్న ప్లాస్టిక్ కప్పులు వాడితే ఏడాదికి 1,200. 120 స్టీలు గ్లాసులు ఒక్కసారి కొంటే ఎన్నో ఏళ్లు వస్తాయి. కడిగేది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. ఆ పని ఎప్పుడూ స్త్రీల మీదకే నెట్టకుండా, యౌవనస్థులకు, పురుషులకు వంతులు వేయండి. శిష్యుల కాళ్లు కడిగినవాని సంఘంలో గ్లాసు కడగడం చిన్నతనం కాదు.

చట్టం కూడా మనకు వర్తిస్తుంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, బెలూన్ల పుల్లలు, అలంకరణకు వాడే థర్మకోల్, 100 మైక్రాన్ల లోపు పి.వి.సి. బ్యానర్లు నిషేధం. క్రిస్మస్ వేదిక, సువార్త సభల ఫ్లెక్సీ, ప్రేమ విందు పళ్లెం అన్నీ ఈ జాబితాను తాకుతున్నాయి. బ్యానరు గుడ్డమీద వ్రాయించి, తేదీ లేకుండా ఉంచితే ఏటేటా వాడుకోవచ్చు.

ఈ పని జరుగుతుందా అని సందేహించేవారికి రెండు నిదర్శనాలు. తెలంగాణలోని సూర్యాపేట 2003 ప్రాంతంలో కమిషనర్ ఖాదర్ సాహెబ్‌గారి కాలంలో ఇంటింటా తడి, పొడి చెత్తను వేరుచేయించి, తడిదాన్ని వానపాముల ఎరువుగా మార్చి, పొడిదాన్ని అమ్మి, చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. అది మహానగరం కాదు, మనవంటి తెలుగు పట్టణమే. రెండవది అస్సాంలో గువాహతి శివారున 2016లో మొదలైన అక్షర్ పాఠశాల. అక్కడి పేద కుటుంబాలు చలికి ప్లాస్టిక్ కాల్చుకునేవి. ఆ పొగ తరగతి గదుల్లోకి వచ్చేది. ఫీజుకు బదులు ప్రతి పిల్లవాడూ వారానికి 25 శుభ్రమైన ప్లాస్టిక్ వస్తువులు తేవాలని పాఠశాల నియమం పెట్టింది. ఫీజుగా పనికొచ్చేదాన్ని ఎవరు కాలుస్తారు? కాల్చడం తగ్గింది. తల్లిదండ్రుల అలవాటును పిల్లల చేతులు మార్చాయి.

నాలుగు ఆదివారాల ప్రణాళిక

మొదటి ఆదివారం: పన్నెండు గంపల కథ పూర్తిగా చెప్పండి, పారిశుద్ధ్య సేవ చేసేవారిని సన్మానించండి, మట్టికుండలో వస్తువులు పాతండి. రెండవ ఆదివారం: మూడు బుట్టల పరుగు. ఇంటికి వెళ్లాక పిల్లలు తమ ఇంటి బుట్టలను అమ్మానాన్నలతో కలిసి సర్దాలి. మూడవ ఆదివారం: పాతసామాన్ల కొట్టు, అమ్మమ్మ పెట్టె. నాలుగవ ఆదివారం: కుండ తవ్వడం. తవ్వి తీసినవాటిని పిల్లలే ఆరాధనలో సంఘం ముందుకు తెచ్చి, తాము ఏం చూశారో రెండు మాటల్లో చెప్పాలి. ఆ రోజే సంఘ కమిటీ ఒక్క నిర్ణయమైనా ప్రకటించాలి. ఆవరణలో ఇక ప్లాస్టిక్ కాల్చం అన్నది తొలి నిర్ణయంగా ఉంటే మంచిది. దానికి రూపాయి ఖర్చు లేదు.

నాలుగు వారాలతో నర్సీపట్నం చెత్త అంతా తీరిపోదు. కాని వేరుచేసిన చెత్త అందుకునే అక్కకు ఆ ఉదయం చేయి తెగదు. ఒక వాకిట్లో పొగ లేవదు. తండ్రి చేసే పని పేరు చెప్పడానికి వెనకాడే ఒక బిడ్డ, తరగతిలో లేచి నిలబడి చెబుతుంది. ఆ పన్నెండు గంపలు మోసినవారు శిష్యులే. మన పిల్లలను ఆ వరుసలో నిలబెట్టే భారం మనది. ప్రభువు మీ తరగతులను, మీ చేతుల పనిని దీవించును గాక. ఆమేన్.